మిత్రదేశంలోనే శత్రువు దొరికినప్పుడు: అమెరికా, పాకిస్థాన్ ప్రజల మధ్య నమ్మకం ఎందుకు పోయింది?

మీరు అడిగినవి మూడు ప్రశ్నలు. పాకిస్థాన్ అమెరికాకు అధికారికంగా మిత్రదేశమై ఉండగా, అక్కడి సైనిక అకాడమీకి కూతవేటు దూరంలో ఒసామా బిన్ లాడెన్ ఏళ్ల తరబడి ఎలా ఉండగలిగాడు, ఆ సంగతి ప్రభుత్వానికి తెలుసా అన్నది మొదటిది. తెలిసే ఉంటే అమెరికా ఎందుకు తెగతెంపులు చేసుకోలేదన్నది రెండోది. ఆ ఘటనకు తలదించుకోవలసిన దేశపు ప్రజలు తమ పాలకులను వదిలేసి అమెరికా మీద ఎందుకు మండిపడ్డారన్నది మూడోది. పత్రికలో విదేశీ వార్తల విభాగంలో ఏళ్ల తరబడి ఈ వ్యవహారాన్ని దగ్గరగా చూస్తూ వచ్చినవాడిగా నా అభిప్రాయం చెబుతాను. ఎక్కువగా మూడో ప్రశ్న మీదే మాట్లాడతాను, ఎందుకంటే మన పత్రికలు, టీవీ చర్చలు దాన్ని ఎప్పుడూ "ఉగ్రవాదాన్ని సమర్థించే జనం" అన్న ఒక్క మాటతో ముగించేశాయి. ఆ వివరణ సరిపోదు.

నాకు అర్థమైనంతలో, రెండు ప్రభుత్వాలకూ ఒకదాని సంగతి ఒకదానికి చాలావరకు తెలుసు. ఎవరు ఎంత మోసం చేస్తున్నారో లెక్కగట్టుకునే అవి కలిసి పనిచేశాయి. ఆ లెక్కను మాత్రం రెండూ తమ ప్రజలకు చెప్పలేదు. అందుకే ఒక్కో రహస్యం బయటపడినప్పుడల్లా ప్రభుత్వాలు కొన్ని నెలలు అలిగి మళ్లీ కలిశాయి గాని, ప్రజలు మాత్రం ప్రతిసారీ కొత్తగా మోసపోయినట్టు భావించారు.

ఈ అనుమానం 2001లో మొదలైంది కాదు. 1954, 55లలో అమెరికా పక్షపు సైనిక కూటములైన సీటో, బాగ్దాద్ ఒప్పందాల్లో చేరిన పాకిస్థాన్, 1965 యుద్ధంలో అమెరికా ఆయుధాల సరఫరా ఆపేసినప్పుడు నిర్ఘాంతపోయింది. 1979 నవంబరులో సౌదీ అరేబియాలోని మక్కాలో పెద్ద మసీదు ముట్టడి వెనుక అమెరికా ఉందన్న ఉత్త పుకారును నమ్మి ఇస్లామాబాద్‌లో అమెరికా రాయబార కార్యాలయాన్ని జనం తగలబెట్టారు. ఆ మరుసటి నెలలోనే సోవియట్ సేనలు అఫ్ఘానిస్థాన్‌లో దిగడంతో రెండు ప్రభుత్వాలూ మునుపెన్నడూ లేనంత దగ్గరయ్యాయి. సోవియట్లు వెళ్లిపోయాక, 1990 అక్టోబరులో, ప్రెస్లర్ సవరణ అనే అమెరికా చట్టం కింద అణు కార్యక్రమం కారణంగా సాయం ఆగిపోయింది. పాకిస్థాన్ డబ్బు కట్టిన ఎఫ్-16 విమానాలు రాలేదు. ఆ డబ్బు 1998 చివర్లో కొంత నగదుగా, కొంత గోధుమల వంటి సరుకుగా తిరిగి వచ్చింది. ఈ ఎఫ్-16ల కథ పాకిస్థాన్‌లో చదువుకున్న ప్రతివాడికీ కంఠోపాఠం. "పని తీరేదాకానే స్నేహం" అన్నది అక్కడ చాలామందికి అనుభవం నేర్పిన పాఠం. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది. ఆ సాయం ఏ షరతు మీద వస్తున్నదో, ఆ షరతును ఎవరు ఉల్లంఘిస్తున్నారో అక్కడి సైన్యానికి బాగా తెలుసు. ప్రజలకు చెప్పింది మాత్రం అమెరికా ద్రోహం గురించే.

2001 సెప్టెంబరు 19న అప్పటి పాక్ పాలకుడు జనరల్ ముషారఫ్ జాతిని ఉద్దేశించి చేసిన ప్రసంగాన్ని ఇప్పుడు చదివితే, తర్వాత జరిగినదంతా అందులోనే కనిపిస్తుంది. దేశ భద్రత, ఆర్థిక వ్యవస్థ, అణు క్షిపణి సంపద, కశ్మీరు, ఈ నాలుగింటి కోసం అమెరికాతో నిలబడక తప్పదని ఆయన చెప్పారు. ఇస్లాం తొలినాళ్లలో ప్రవక్త మక్కావాసులతో చేసుకున్న హుదైబియా సంధిని ఉదాహరణగా చూపారు. అంటే అమెరికా లక్ష్యం సరైనదని ఆయన తన ప్రజలను ఒప్పించలేదు, ఒప్పించడానికి ప్రయత్నించనూ లేదు. బలవంతుడి ముందు తాత్కాలికంగా తగ్గుతున్నామని సర్దిచెప్పారు. అదే సమయంలో వాషింగ్టన్‌లో పాకిస్థాన్‌ను ఉగ్రవాదంపై యుద్ధంలో ముందువరుస భాగస్వామిగా పరిచయం చేశారు, 2004లో నాటోయేతర ప్రధాన మిత్రదేశం హోదా ఇచ్చారు. ఒకే ఒప్పందానికి రెండు రాజధానుల్లో ఇంత వేరువేరు కథలు చెప్పుకున్నప్పుడు, ఏదో ఒక రోజు ఆ రెండు కథలూ ఎదురుపడక తప్పదు.

అలాగని సహకారం అంతా నటన అనుకోవడం పొరపాటు. అబూ జుబైదా 2002 మార్చిలో ఫైసలాబాద్‌లో, రమ్జీ బిన్ అల్ షీబ్ అదే ఏడాది సెప్టెంబరులో కరాచీలో, ఖాలిద్ షేక్ మొహమ్మద్ 2003 మార్చిలో రావల్పిండిలో, అబూ ఫరజ్ అల్ లిబీ 2005లో మర్దాన్‌లో పట్టుబడ్డారు. ఇవన్నీ పాక్ సైనిక నిఘా సంస్థ ఐఎస్ఐ చేయి లేకుండా జరిగేవి కావు. అయితే ఇది అల్ ఖైదా వారి జాబితా అన్నది గమనించండి. అఫ్ఘాన్ తాలిబాన్ నాయకులు, వారితో కలిసి పోరాడే హక్కానీ బృందం, లష్కరే తయిబా ఈ జాబితాలో లేరు. క్వెట్టాలో తాలిబాన్ షూరా, అంటే నాయకత్వ మండలి, నడుస్తున్నదని, ఉత్తర వజీరిస్థాన్‌లోని మీరాన్‌షా హక్కానీలకు కేంద్రమని అమెరికా అధికారులు చెబుతూనే ఉన్నారు, ఇస్లామాబాద్ ఖండిస్తూనే ఉంది.

"ఆశ్రయం" అని మనం ఒకే మాట వాడతాం గాని, ఆచరణలో దానికి మెట్లు ఉంటాయి. ఇల్లు, డబ్బు, ఆయుధం ఇవ్వడం ఒకటి. ఇవేవీ ఇవ్వకుండా, ఫలానా వాడు ఫలానా ఊళ్లో ఉన్నాడని తెలిసి కూడా పట్టుకోకపోవడం మరొకటి. ఎక్కడ వెతికితే దొరుకుతాడో తెలుసు కాబట్టే అక్కడ వెతకకపోవడం ఇంకొకటి. అసలు ఆ ప్రాంతం మీద పట్టే లేకపోవడం చివరిది. పాకిస్థాన్ ఎప్పుడు ప్రశ్నించినా తన మీద పడిన ఆరోపణకు చివరి మెట్టు నుంచి సమాధానం చెప్పేది. గిరిజన ప్రాంతాల్లో మా చట్టమే సరిగా నడవదు, అక్కడ మా సైనికులే వందల్లో చనిపోతున్నారు అనేది. ఇందులో రెండో భాగం పచ్చి నిజం. 2007 డిసెంబరులో ఏర్పడిన తెహ్రీకే తాలిబాన్ పాకిస్థాన్ ఆ దేశాన్నే రక్తంలో ముంచింది. కానీ మీరాన్‌షాలో చెల్లే ఆ సమాధానం క్వెట్టా, కరాచీ నగరాలకు చెల్లదు. 2016 మార్చిలో వాషింగ్టన్‌లో ఒక బహిరంగ సభలో ప్రధాని విదేశాంగ సలహాదారు సర్తాజ్ అజీజ్ ఆ ముసుగు తీసేశారు. అఫ్ఘాన్ తాలిబాన్ నాయకులు, వారి కుటుంబాలు పాకిస్థాన్‌లోనే ఉన్నాయని, అక్కడే వైద్యం పొందుతున్నాయని, అందుకే వారి మీద కొంత ఒత్తిడి తేగలుగుతున్నామని ఆయన చెప్పారు. పదిహేనేళ్ల ఖండనల తర్వాత వచ్చిన ఈ మాటకు మన దగ్గర దక్కవలసినంత ప్రాధాన్యం దక్కలేదని నా ఫిర్యాదు. రెండు నెలలకే తాలిబాన్ అధినేత ముల్లా మన్సూర్ బలూచిస్థాన్‌లో డ్రోన్ దాడిలో చనిపోయినప్పుడు, వలీ మొహమ్మద్ అన్న పేరుతో ఉన్న పాకిస్థాన్ పాస్‌పోర్టు అక్కడ దొరికింది.

ఎందుకు చేశారు అంటే, అమెరికా ఎలాగూ ఒకరోజు వెళ్లిపోతుందని, ఆ రోజున కాబూల్‌లో భారత్‌కు అనుకూలమైన ప్రభుత్వం ఉండకూడదని పాక్ సైన్యం లెక్క. 2015లో ముషారఫ్ స్వయంగా ఒక బ్రిటిష్ పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో, అఫ్ఘాన్ అధ్యక్షుడు కర్జాయ్ పాలనలో భారత్ ప్రాబల్యానికి ఎదురుగా నిలిచే శక్తుల కోసం తమ నిఘా సంస్థ చూసిందని ఒప్పుకున్నారు. ఆ లెక్కకు మూల్యం ఏమిటో మనకూ తెలుసు. 2008 జూలై 7న కాబూల్‌లో భారత రాయబార కార్యాలయం మీద జరిగిన ఆత్మాహుతి దాడిలో 50 మందికి పైగా మరణించారు. వారిలో రక్షణ విభాగపు బ్రిగేడియర్ రవి దత్ మెహతా, దౌత్యాధికారి వి. వెంకటేశ్వర రావు ఉన్నారు. ఆ దాడి వెనుక ఐఎస్ఐ హస్తం ఉందని అమెరికా నిఘా వర్గాలే తేల్చినట్టు అప్పట్లో అమెరికా పత్రికలు రాశాయి.

ఇప్పుడు పాకిస్థాన్ ప్రజల వైపు నుంచి చూద్దాం. వారికి కనిపించిన అమెరికా డ్రోన్ రూపంలో ఉంది. 2004 జూన్‌లో దక్షిణ వజీరిస్థాన్‌లో మిలిటెంట్ నేత నేక్ మొహమ్మద్‌ను చంపిన మొదటి డ్రోన్ దాడిని పాక్ సైన్యం తన పనేనని ప్రకటించుకుంది. 2006 అక్టోబరులో బజౌర్‌లో ఒక మదర్సాపై దాడిలో దాదాపు 80 మంది చనిపోతే, అదీ తమ హెలికాప్టర్ల పనేనని చెప్పి, డ్రోన్లను చూశామన్న స్థానికుల మాటను తోసిపుచ్చింది. దాడులు పెరిగి, ఇక దాచడం కుదరని స్థితి వచ్చాక ప్రభుత్వం స్వరం మార్చి, ప్రతి దాడినీ సార్వభౌమత్వ ఉల్లంఘనగా ఖండించడం మొదలుపెట్టింది. ఒక్క 2010లోనే వందకు పైగా దాడులు జరిగాయి. ఆ డ్రోన్లలో కొన్ని బలూచిస్థాన్‌లోని షమ్సీ వైమానిక స్థావరం నుంచే ఎగిరేవి. 2010 చివర్లో వికీలీక్స్ బయటపెట్టిన ఒక అమెరికా దౌత్య సందేశం ప్రకారం, అసలు దోషులే దెబ్బతింటే దాడులు చేసుకోమని, పార్లమెంటులో తాము నిరసన తెలిపి ఆ తర్వాత పట్టించుకోబోమని ప్రధాని గిలానీ 2008లో అమెరికన్లతో అన్నారు. 2013లో ముషారఫ్ కూడా కొన్ని దాడులకు తాను అనుమతి ఇచ్చిన సంగతి అంగీకరించారు.

ఒక వజీరిస్థాన్ రైతు స్థానంలో ఉండి ఆలోచించండి. ఆకాశంలో తిరుగుతున్నది ఎవరిదో తన ప్రభుత్వం చెప్పదు. అమెరికా ప్రభుత్వం సీఐఏ కార్యక్రమం కాబట్టి అసలు నోరే విప్పదు. చనిపోయినవాడు ఉగ్రవాదో, పెళ్లికి వచ్చిన బంధువో తేల్చే విచారణ ఉండదు. అలాంటప్పుడు అతని చెవికి ఎక్కేది వదంతి మాత్రమే. లాహోర్, కరాచీ మధ్యతరగతి వారికి డ్రోన్లు కనిపించవు గాని, వారికీ 2011లో కంటికెదురుగా ఒక రుజువు దొరికింది.

ఆ ఏడాది జనవరి 27న లాహోర్‌లోని మొజాంగ్ చౌక్ దగ్గర రేమండ్ డేవిస్ అనే అమెరికన్ ఇద్దరు యువకులను కాల్చి చంపాడు. అతణ్ణి తీసుకువెళ్లడానికి కాన్సులేట్ నుంచి ఎదురుదారిలో వచ్చిన బండి కింద పడి మరొకరు చనిపోయారు. అతను దౌత్యవేత్త అని అధ్యక్షుడు ఒబామా సహా అందరూ చెప్పారు. కొద్ది వారాల్లోనే అతను సీఐఏ కాంట్రాక్టరని తేలింది. మార్చి 16న మృతుల కుటుంబాలకు ఇస్లామిక్ చట్టం కింద రక్తధనం, సుమారు 23 లక్షల డాలర్లు, చెల్లించి అతణ్ణి విడిపించారు. మరునాడే ఉత్తర వజీరిస్థాన్‌లోని దత్తా ఖేల్‌లో ఒక జిర్గా (గిరిజన పెద్దల సమావేశం) మీద డ్రోన్ దాడి జరిగి సుమారు 40 మంది మరణించారు. తమ నగరాల్లో అమెరికా గూఢచారులు తిరుగుతున్నారని ఏళ్లుగా చెబుతూ వచ్చిన ఉర్దూ పత్రికలను అంతదాకా కుట్ర సిద్ధాంతాల పుట్టలని అందరూ తీసిపారేసేవారు. డేవిస్ ఉదంతం తర్వాత అలా తీసిపారేయడం ఎవరికీ సాధ్యం కాలేదు.

ఈ స్థితిలో మే 2 వచ్చింది. అబోటాబాద్‌లోని బిలాల్ టౌన్‌లో, కాకుల్ సైనిక అకాడమీకి మైలు దూరం కూడా లేని ఇంట్లో, జలాలాబాద్ నుంచి హెలికాప్టర్లలో వచ్చిన అమెరికా కమాండోలు బిన్ లాడెన్‌ను చంపి, సుమారు 40 నిమిషాల్లో పని ముగించుకుని శవంతో సహా వెళ్లిపోయారు. పాకిస్థాన్‌కు ముందుగా చెప్పి ఉంటే ఆ కబురు లోపలివారికి చేరిపోయేదన్న భయంతోనే చెప్పలేదని సీఐఏ అధిపతి లియోన్ పనెట్టా కొద్ది రోజుల్లోనే బహిరంగంగా అన్నారు. ఒక మిత్రదేశం గురించి మరో మిత్రదేశపు గూఢచార సంస్థ అధిపతి ఇంత సూటిగా మాట్లాడడం నాకు తెలిసి చాలా అరుదు.

ఇక మీ మొదటి ప్రశ్న, ఎవరికి తెలుసు? అప్పటి అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ చెప్పినది నాకు ఇప్పటికీ సమంజసంగా కనిపిస్తుంది. ఎవరో ఒకరికి తెలిసే ఉంటుందని, పై స్థాయి నాయకత్వానికి తెలుసుననడానికి మాత్రం ఆధారం లేదని ఆయన అన్నారు. జస్టిస్ జావేద్ ఇక్బాల్ నాయకత్వంలో పాకిస్థాన్ నియమించిన అబోటాబాద్ కమిషన్ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. 2013 జూలైలో అల్ జజీరా చేతికి చిక్కి బయటపడింది. అందులో పోలీసుల నుంచి కంటోన్మెంట్ బోర్డు దాకా, సైన్యం నుంచి నిఘా సంస్థల దాకా ఎవరినీ వదలకుండా నిర్లక్ష్యానికి, అసమర్థతకు బాధ్యులను చేశారు. అనుమతి లేకుండా మూడో అంతస్తు కట్టారు, ఆస్తి పన్ను కట్టలేదు, ఫోను లేదు, ఇంటర్నెట్ లేదు, చెత్త కూడా బయట వేయరు, అంతెత్తు గోడలు, అయినా ఎవరికీ అనుమానం రాలేదు. లోపలి సహకారం ఉండే అవకాశాన్ని కమిషన్ కొట్టిపారేయలేదు, నిరూపించనూ లేదు. 2015లో సేమూర్ హెర్ష్ అనే అమెరికన్ పాత్రికేయుడు, ఐఎస్ఐయే అతణ్ణి బందీగా ఉంచిందని, దాడి సంగతి పాక్ సేనానులకు ముందే తెలుసని రాశారు. రెండు ప్రభుత్వాలూ ఖండించాయి. పేరు చెప్పని ఒకరిద్దరి మాట మీద ఆధారపడిన ఆ కథనాన్ని నేను నమ్మలేను. దాన్ని నమ్మాలంటే, అంత అవమానాన్ని అప్పటి సైన్యాధిపతి కయానీ, ఐఎస్ఐ అధిపతి పాషా కావాలనే నెత్తికెత్తుకున్నారని కూడా నమ్మాలి.

ఇప్పుడు ప్రజల స్పందన చూడండి. ఆ దాడి తర్వాత అమెరికాకు చెందిన ప్యూ పరిశోధన సంస్థ పాకిస్థాన్‌లో జరిపిన సర్వేలో 63 శాతం మంది ఆ సైనిక చర్యను తప్పుపట్టారు. బిన్ లాడెన్ మరణం మంచిది కాదని 55 శాతం మంది అన్నారు. మన దగ్గర ఈ అంకెలను చూసి "అందరూ ఒసామా భక్తులే" అని తేల్చేశారు. కానీ అదే సంస్థ అంతకుముందు కొన్నేళ్లుగా జరిపిన సర్వేల్లో అక్కడ ఒసామా మీద అభిమానం బాగా పడిపోతూ వచ్చింది. నా దృష్టిలో ఆ కోపానికి రెండు మూలాలు ఉన్నాయి. ఒకటి, కడుపు కట్టుకుని పోషిస్తున్న సైన్యం నిద్రపోతుండగా పరాయి దేశపు హెలికాప్టర్లు లోపలికి వచ్చి వెళ్లాయన్న అవమానం. రెండోది, ప్రతీకారం పేరుతో మిలిటెంట్లు చంపింది పాకిస్థానీలనే. మే 13న చార్సద్దా జిల్లా షబ్‌ఖదర్‌లో అర్ధసైనిక శిక్షణ ముగించుకుని ఇళ్లకు బయలుదేరిన 80 మందికి పైగా యువకులు జంట పేలుళ్లలో చనిపోయారు. మే 22న కరాచీలోని మెహ్రాన్ నౌకాదళ స్థావరం మీద దాడి జరిగింది. సైన్యాన్ని నిలదీసిన గొంతులు కూడా లేకపోలేదు. మే 13న పార్లమెంటు రహస్య సమావేశంలో ఐఎస్ఐ అధిపతి పాషా సభ్యుల ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది, రాజీనామాకు సిద్ధమని కూడా అన్నారు. అది ఆ దేశంలో చిన్న విషయం కాదు. చివరికి సభ చేసిన తీర్మానం మాత్రం అమెరికా ఏకపక్ష చర్యను ఖండించింది. లోపలి ప్రశ్నను బయటి శత్రువు వైపు మళ్లించడం ఏ దేశంలోనైనా పాలకులకు తెలిసిన విద్యే.

అమెరికా ప్రజల కోపానికీ అంతే బలమైన కారణాలు ఉన్నాయి. 2002 నుంచి 2017 దాకా సుమారు 3,300 కోట్ల డాలర్లు పాకిస్థాన్‌కు వెళ్లాయి. అందులో 1,400 కోట్లకు పైగా అసలు సాయమే కాదు, యుద్ధంలో పాక్ సైన్యం పెట్టిన ఖర్చుకు తిరిగి చెల్లింపు. ఆ డబ్బు ఇస్తున్నప్పుడు దాన్ని పన్ను కట్టేవారికి "మిత్రుడికి సాయం" అన్న పేరుతో చూపించారు. సహకారాన్ని కొంటున్నామని, కొనుగోలులో సగం సరుకే వస్తుందని తెలిసే కొంటున్నామని చెప్పలేదు. 2011 సెప్టెంబరు 13న కాబూల్‌లో తమ రాయబార కార్యాలయం మీద దాడి జరిగాక, అమెరికా త్రివిధ దళాల ఉమ్మడి అధిపతి అడ్మిరల్ మైక్ మల్లెన్ సెనేట్ కమిటీ ముందు హక్కానీ బృందం ఐఎస్ఐకి అచ్చంగా ఒక చేయిలా పనిచేస్తున్నదని అన్నారు. జనరల్ కయానీతో స్నేహం పెంచుకోవడానికి పదేపదే పాకిస్థాన్ వెళ్లివచ్చిన మనిషి ఆయన. పదవీ విరమణకు కొద్ది రోజుల ముందు గాని ఆ మాట అనలేకపోయారు. ఆ మాట తాము వాడేది కాదని శ్వేతసౌధం ప్రతినిధి మెల్లగా పక్కకు తప్పుకున్నారు. అక్టోబరులో ఇస్లామాబాద్ వెళ్లిన విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్, పెరట్లో పాములను పెంచుకుంటే అవి పొరుగువారినే కాటేస్తాయనుకోవద్దని అక్కడే అన్నారు.

ఆ నవంబరు 26న సలాలాలో జరిగినది ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ఘటన. అఫ్ఘాన్ సరిహద్దులోని రెండు పాక్ సైనిక చౌకీల మీద నాటో విమానాలు దాడి చేయడంతో 24 మంది సైనికులు చనిపోయారు. అమెరికా సైన్యం జరిపిన విచారణలో తేలిందేమిటంటే, తమ దళాల కచ్చితమైన స్థానం చెబితే అది శత్రువుకు చేరుతుందన్న అనుమానంతో పాక్ ప్రతినిధికి స్థూలమైన సమాచారమే ఇవ్వాలనుకున్నారు, పైగా ఇచ్చినది కూడా తప్పు ప్రాంతం. అటు పాకిస్థాన్ కూడా తన కొత్త చౌకీల వివరాలు పూర్తిగా చెప్పలేదు. అంటే ఆశ్రయం ఇస్తున్నారన్న అనుమానం సరిహద్దులోని ఒక సమన్వయ కేంద్రం దాకా దిగి, అక్కడ మనుషుల ప్రాణాలు తీసింది. పాకిస్థాన్ నాటో సరఫరా మార్గాలను మూసేసింది, షమ్సీ ఖాళీ చేయించింది, అఫ్ఘానిస్థాన్ మీద జర్మనీలో జరిగిన బాన్ సదస్సును బహిష్కరించింది. ఏడు నెలల తర్వాత, 2012 జూలై 3న, క్లింటన్ ఫోనులో విచారం తెలిపాక గాని తోర్ఖం, చమన్ దారులు తెరుచుకోలేదు. ఆ మధ్యలోనే ప్యూ సర్వేలో 74 శాతం పాకిస్థానీలు అమెరికాను శత్రువుగా చెప్పారు.

రెండో ప్రశ్నకు జవాబు కూడా ఆ దారుల్లోనే ఉంది. సముద్రతీరం లేని అఫ్ఘానిస్థాన్‌లో లక్ష మంది సైనికులను నిలిపిన దేశానికి కరాచీ రేవు కావాలి. మధ్య ఆసియా మీదుగా వేసుకున్న ప్రత్యామ్నాయ మార్గం చాలా ఖరీదైనది, అదీ రష్యా దయ మీద ఆధారపడినది. దానికి తోడు అణ్వాయుధాలున్న దేశం కుప్పకూలితే ఏమవుతుందన్న భయం. అందుకే 2011 జూలైలో 80 కోట్ల డాలర్ల సైనిక సాయం నిలిపివేసినా, పూర్తిగా తెంచుకునే సాహసం చేయలేదు. 2018 జనవరి 1న ట్రంప్ 3,300 కోట్లు తీసుకుని అబద్ధాలు చెప్పారని ట్వీట్ చేసి భద్రతా సాయాన్ని ఆపారు. అదే ఏడాది అక్టోబరులో, 2010 నుంచి పాకిస్థాన్ చెరలో ఉన్న తాలిబాన్ నేత ముల్లా బరాదర్‌ను విడిపించమని అడిగింది కూడా ఆయన ప్రభుత్వమే. 2020 ఫిబ్రవరిలో దోహాలో అమెరికాతో ఒప్పందం మీద సంతకం చేసింది ఆ బరాదరే.

ఈ అనుమానాల భారం మోసినవారిలో ఏ నేరమూ చేయని వర్గం ఒకటుంది. బిన్ లాడెన్ ఇంట్లోని వారి డీఎన్ఏ కోసం సీఐఏ డాక్టర్ షకీల్ అఫ్రిదీ చేత హెపటైటిస్-బి టీకాల శిబిరం పెట్టించింది. ఆయనకు 2012లో గిరిజన ప్రాంత న్యాయస్థానం 33 ఏళ్ల శిక్ష వేసింది. వెంటనే అమెరికా సెనేట్ కమిటీ ఏడాదికి పది లక్షల డాలర్ల చొప్పున 3.3 కోట్ల డాలర్ల సాయం కోసింది. ఇద్దరూ తమ తమ ప్రేక్షకులను సంతోషపెట్టారు. కానీ టీకాలంటే గూఢచర్యమన్న పాత వదంతికి ఇప్పుడు రుజువు దొరికింది. 2012 జూన్‌లో ఉత్తర వజీరిస్థాన్‌లో మిలిటెంట్లు పోలియో చుక్కలను నిషేధించారు. ఆ డిసెంబరు నుంచి చుక్కలు వేసే కార్యకర్తలను, ఎక్కువగా ఆడవారిని, వెంటాడి కాల్చడం మొదలైంది. 2014లో పాకిస్థాన్‌లో 306 పోలియో కేసులు నమోదయ్యాయి. టీకా కార్యక్రమాలను ఇకమీదట గూఢచర్యానికి వాడబోమని అమెరికా ప్రకటించింది కూడా ఆ ఏడాదే.

ఇలాంటి అనుమానం ఉన్న ప్రతి స్నేహమూ ఇంత చెడిపోతుందా అంటే, కాదు. 1980లలో బ్రిటన్ ప్రజలకు అమెరికా మీద ఇదే ఫిర్యాదు ఉండేది. ఉత్తర ఐర్లాండ్‌లో బ్రిటిష్ పాలన మీద సాయుధంగా పోరాడిన ఐఆర్ఏకు అమెరికాలోని ఐరిష్ సంఘాల నుంచి చందాలు వెళ్లేవి. బెల్‌ఫాస్ట్ జైలు నుంచి పారిపోయి న్యూయార్క్‌లో దొరికిన జో డోహర్టీని అప్పగించడానికి 1984లో అక్కడి న్యాయమూర్తి, నేరం రాజకీయపరమైనదంటూ నిరాకరించాడు. లండన్ మండిపడింది. అయితే ఆ నిరాకరణ బహిరంగ తీర్పు. ఎవరు ఏమన్నారో, ఏ చట్టం అడ్డొచ్చిందో అందరికీ తెలుసు. అందుకే ఆ చట్టాన్నే మార్చడానికి 1985లో అనుబంధ ఒప్పందం రాసుకున్నారు, మరుసటి ఏడాది సెనేట్ ఆమోదించింది, 1992లో డోహర్టీని వెనక్కి పంపారు. బ్రిటన్, అమెరికాల మధ్య ఇంకెన్నో బంధాలున్నాయి కాబట్టి ఈ పోలిక పూర్తిగా సరిపోదు. అయినా తేడా ఎక్కడుందో అది చూపిస్తుంది.

మన అనుభవం ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది. ముంబై దాడులకు ముందు ఆ నగరాన్ని పరిశీలించి వెళ్లిన డేవిడ్ హెడ్లీ ఒకప్పుడు అమెరికా మాదకద్రవ్యాల నిరోధక సంస్థకు ఇన్‌ఫార్మర్. నేరం ఒప్పుకున్నందుకు భారత్‌కు అప్పగించబోమన్న హామీ అతనికి దక్కింది. మన అధికారులు అతణ్ణి అమెరికాలోనే ప్రశ్నించి రావలసి వచ్చింది. 2013లో 35 ఏళ్ల శిక్ష పడింది. అమెరికాకు అతని గురించి ఎంత ముందే తెలుసు, మనకు ఎంత తక్కువ చెప్పింది అన్న అనుమానం ఇక్కడ ఇంకా పోలేదు. అతని సహచరుడు తహవ్వుర్ రాణా విషయంలో మాత్రం కోర్టుల్లో ఏళ్ల తరబడి వాదనలు నడిచి, 2025 ఏప్రిల్‌లో అతణ్ణి భారత్‌కు తీసుకువచ్చారు.

ఇలాంటి వార్తల్లో దేన్ని నమ్మాలన్న విషయంలో చివరగా నా అలవాటు చెబుతాను. విదేశాంగ శాఖ ఖండనలను నేను దాదాపు పక్కన పెడతాను. ప్రమాణం చేసి చెప్పిన సాక్ష్యం, కోర్టు పత్రాలు, పదవి దిగాక ఇచ్చిన ఇంటర్వ్యూలు, డబ్బు ఏ పద్దు కింద వెళ్లిందో చూపే బడ్జెట్ కాగితాలు చూస్తాను. ఆరోపణ చేసినవాడు ఆ వారంలోనే ఏమి అడుగుతున్నాడో కూడా చూస్తాను. 2021 తర్వాత తెహ్రీకే తాలిబాన్‌కు కాబూల్ ఆశ్రయమిస్తున్నదని పాకిస్థాన్ ఆరోపిస్తున్నది, తమ నేల నుంచి ఎవరినీ దాడి చేయనివ్వబోమని, అది మీ అంతర్గత సమస్య అని తాలిబాన్ ప్రభుత్వం బదులిస్తున్నది. ఆ ఖండనను కూడా నేను ఇదే పద్ధతిలో చదువుతున్నాను. 2022 జూలై 31న అల్ ఖైదా అధినేత జవాహిరీ అమెరికా డ్రోన్‌కు చిక్కింది కాబూల్ నడిబొడ్డున, షేర్‌పూర్‌లోని ఒక ఇంటి బాల్కనీలో.